ఐవన్ డిక్సన్: టీవీ నిలబెట్టుకుంది, థియేటర్ దించేసింది

క్లుప్తంగా: అమెరికన్ టీవీలో క్యారెక్టర్ ఆర్టిస్టుగా పేరు తెచ్చుకున్న ఐవన్ డిక్సన్ 1970లో దర్శకుడయ్యారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఎపిసోడ్లు తీస్తూనే ఉన్నారు. థియేటర్ల కోసం తీసినవి మాత్రం రెండే సినిమాలు. రెండోది 1973లో విడుదలై, కొద్ది వారాల్లోనే తెర మీద నుంచి దిగిపోయింది. ఈ తేడాకు కారణం ప్రతిభలో కాదు, రెండు రంగాల్లో దర్శకుడి చేతికి ఏ అధికారం వస్తుంది, ఏది రాదు అన్నదాంట్లో ఉంది.

డిక్సన్ పేరు వెతికిన పాఠకుడికి ఇద్దరు వేర్వేరు మనుషులు దొరికినట్టు ఉంటుంది. ఒకరు 'హోగన్స్ హీరోస్' అనే హాస్య ధారావాహికలో రేడియో ముందు కూర్చునే సార్జెంట్. ఇంకొకరు సీఐఏలో శిక్షణ పొందిన నల్లజాతి అధికారి ఆ విద్యనే ప్రభుత్వం మీదికి తిప్పే కథతో, అమెరికన్ సినిమా చరిత్రలోనే అరుదైన రాజకీయ చిత్రం తీసిన దర్శకుడు. ఈ రెండో మనిషి తర్వాత ఏమయ్యారని ఆరా తీస్తే 'ద వాల్టన్స్', 'ద రాక్‌ఫర్డ్ ఫైల్స్', 'మాగ్నమ్ పీఐ', 'ది ఏ-టీమ్' ఎపిసోడ్ల టైటిల్స్‌లో కనిపిస్తారు. తిరుగుబాటు సినిమా తీసిన మనిషి మళ్లీ డిటెక్టివ్ సీరియళ్లలోకి ఎందుకు వెళ్లారు? రాజీ పడ్డారా, పని దొరకలేదా? హాలీవుడ్‌లో ఎపిసోడ్ దర్శకుడి ఉద్యోగం ఎలా నడుస్తుందో తెలిస్తే ఈ ప్రశ్న చాలావరకు విడిపోతుంది.

నాటకం నుంచి తెర దాకా

డిక్సన్ 1931 ఏప్రిల్ 6న న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పుట్టారు. నార్త్ కరోలినాలో బోర్డింగ్ స్కూలు, తర్వాత అక్కడే నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన కళాశాల, ఇప్పటి నార్త్ కరోలినా సెంట్రల్ యూనివర్సిటీ. 1954లో నాటక విభాగంలో పట్టా తీసుకున్నారు. ఆ యూనివర్సిటీ నాటక బృందం ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది.

1957లో న్యూయార్క్ వృత్తి నాటక రంగమైన బ్రాడ్‌వేకి వచ్చారు. 1958లో 'ద డిఫయంట్ వన్స్' చిత్రంలో నల్లజాతి స్టార్ సిడ్నీ పోయిటియర్‌కు డూప్‌గా స్టంట్లు చేశారు. మరుసటి ఏడాది 'ఎ రెయిజిన్ ఇన్ ద సన్' నాటకంలో నైజీరియా విద్యార్థి అసగాయ్ వేషం. 1961లో అదే నాటకం సినిమా అయినప్పుడూ ఆ వేషం ఆయనదే. అందులోనూ హీరో పోయిటియర్. ఒకరు హీరో, ఇంకొకరు డూప్ లేదా క్యారెక్టర్ ఆర్టిస్టు. దర్శకత్వంలోకి వచ్చాక కూడా ఇద్దరి దారులూ ఇదే తేడాతో నడిచాయి.

నటుడిగా డిక్సన్ చేసిన పనిలో అన్నిటికంటే లోతైనది 1964 నాటి 'నథింగ్ బట్ ఎ మ్యాన్'. దర్శకుడు మైకేల్ రోమర్, కెమెరా రాబర్ట్ యంగ్. కథ అలబామాలో జరుగుతుంది, షూటింగ్ ఎక్కువగా న్యూజెర్సీలో చేశారు. డిక్సన్ పాత్ర డఫ్ ఆండర్సన్ రైలు పట్టాలు మరమ్మతు చేసే ముఠాలో కూలీ. పాస్టరు కూతుర్ని పెళ్లి చేసుకుని ఊళ్లో స్థిరపడదామని చూస్తాడు. సామిల్లులో పని దొరుకుతుంది. తోటివాళ్లతో 'మనం కలిసి ఉండాలి' అన్న ఒక్క మాటకు ఆ పని పోతుంది. భార్యగా నటించినది జాజ్ గాయని ఆబీ లింకన్. సినిమాలో ఉపన్యాసాలు లేవు, నినాదాలు లేవు. డిక్సన్ ముఖం బిగబట్టి ఉంటుంది, కోపం దవడలో తప్ప ఎక్కడా కనిపించదు. వెనిస్ చలనచిత్రోత్సవంలో అవార్డు వచ్చింది. అమెరికాలో మాత్రం పెద్ద హాళ్లు దొరకలేదు, సినిమా చిన్న ప్రదర్శనశాలల్లోనే తిరిగింది. మంచి సినిమాకు పంపిణీ దొరకకపోతే ఏమవుతుందో తొమ్మిదేళ్ల ముందే డిక్సన్ చూశారన్నమాట.

సొరంగంలో రేడియో

1965 సెప్టెంబర్ 15న ఎన్‌బీసీ చానల్‌లో 'ఐ స్పై' మొదలైంది, బిల్ కాస్బీ అందులో ఒక హీరో. రెండు రోజుల తర్వాత, 17న, సీబీఎస్‌లో 'హోగన్స్ హీరోస్' మొదలైంది. నల్లజాతి నటుడు ప్రతి వారం టీవీలో, పనివాడి వేషంలో కాకుండా కనిపించడం అప్పటికి చాలా అరుదు. అలాంటివి రెండు ఒకే వారంలో వచ్చాయి.

'హోగన్స్ హీరోస్' రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు సైనికుల్ని జర్మన్లు బంధించి ఉంచిన శిబిరం మీద అల్లిన కామెడీ. ఖైదీలు పైకి బందీలు, కింద సొరంగాల్లో గూఢచర్యం నడుపుతుంటారు. డిక్సన్ పాత్ర పేరు సార్జెంట్ 'కించ్‌లో' (Kinchloe), రేడియోలు, టెలిఫోన్లు చూసుకుంటాడు. జర్మన్ అధికారుల గొంతు అనుకరించి ఫోన్లో అవతలివాణ్ణి బోల్తా కొట్టించడం అతని ప్రత్యేకత. అందులో ఒక మెలిక ఉంది. తెల్లజాతి ఖైదీల్లో ఎవరైనా జర్మన్ యూనిఫాం వేసుకుని బయటికి వెళ్లగలరు, కించ్‌లో వెళ్లలేడు. కాబట్టి రచయితలు అతన్ని కనిపించని చోట కూర్చోబెట్టి గొంతుతో పని చేయించారు. కథకు అది సరిపోయింది. నటుడికి మాత్రం ఐదేళ్లపాటు దాదాపు అదే బల్ల, అదే హెడ్‌ఫోన్.

షూటింగ్ కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో, 'ఫార్టీ ఏకర్స్' అని పిలిచే ఆరుబయటి సెట్‌లో జరిగేది. తెర మీద ఎప్పుడూ జర్మనీ చలికాలమే. సెట్ మీద మాత్రం ఎండ, నేల మీద పోసిన నకిలీ మంచు, ఒంటి మీద ఉన్ని కోట్లు. ధారావాహిక 1971 దాకా 168 ఎపిసోడ్లు నడిచింది. డిక్సన్ ఐదు సీజన్లు చేసి 1970లో తప్పుకున్నారు, ముఖ్య తారాగణంలో ఆరో సీజన్‌లో కనిపించనిది ఆయన ఒక్కరే. కెనెత్ వాషింగ్టన్ వచ్చి అదే బల్ల ముందు కూర్చున్నారు. కించ్‌లో ఏమయ్యాడో కథలో ఒక్క మాటైనా చెప్పలేదు.

ఈ మధ్యలో, 1967 జనవరిలో, 'ద ఫైనల్ వార్ ఆఫ్ ఆలీ వింటర్' అనే టీవీ నాటకంలో వియత్నాంలో చిక్కుకున్న సార్జెంటుగా నటించి, టీవీ రంగానికి ఇచ్చే ఎమ్మీ అవార్డుకు నామినేషన్ పొందారు. అంటే మానేసేనాటికి ఆయన పని దొరకని నటుడు కాదు. దొరికే పని ఎలాంటిదో తెలిసిన నటుడు.

నటుడికి దర్శకుడి కుర్చీ ఎలా ఖాళీ అవుతుంది

అమెరికన్ టీవీలో నటులు దర్శకులు కావడానికి ఆసక్తి కంటే లెక్కే పెద్ద కారణం. అప్పట్లో ఒక సీజన్‌కు సుమారు 22 నుంచి 26 ఎపిసోడ్లు. గంట నిడివి ఎపిసోడ్‌ను ఆరేడు రోజుల్లో తీయాలి. దానికి ముందు దర్శకుడికి దాదాపు అన్నే రోజులు సన్నాహానికి కావాలి: లొకేషన్లు చూడటం, అతిథి పాత్రలకు నటుల్ని ఎంచడం, షాట్ డివిజన్ రాసుకోవడం, కళా విభాగంతో కూర్చోవడం. ఒక దర్శకుడు సెట్ మీద ఉండగా ఇంకో దర్శకుడు పక్క గదిలో తర్వాతి ఎపిసోడ్‌కు సిద్ధమవుతుండాలి. ఒక్కరితో ఇది నడవదు. కాబట్టి ప్రతి షోకు ఏడాదికి అరడజను మందో, అంతకంటే ఎక్కువో దర్శకులు కావాలి. ఖాళీలు ఎప్పుడూ ఉంటాయి.

ఆ ఖాళీల్లో నల్లజాతి వారికి చోటు దొరకడం వేరే కథ. 1969 మార్చిలో సమాన ఉపాధి అవకాశాల కమిషన్ లాస్ ఏంజెలెస్‌లో బహిరంగ విచారణ జరిపి స్టూడియోల నియామకాలను ప్రశ్నించింది. తర్వాత న్యాయశాఖ కూడా రంగంలోకి దిగింది. ఒత్తిడి పెరిగిన ఆ రోజుల్లోనే, హీరోకే నిర్మాణంలో మాట చెల్లే ఒక అరగంట షో డిక్సన్‌కు తలుపు తీసింది. అది 'ది బిల్ కాస్బీ షో'. 1970లో దర్శకుడిగా ఆయన పని మొదలైంది అక్కడే. ఐదేళ్ల కిందట ఒకే వారంలో తెర మీదికి వచ్చిన ఇద్దరిలో ఒకరు నిర్మాత హోదాలో, ఒకరు దర్శకుడి హోదాలో మళ్లీ ఒక చోట చేరారు.

ఎపిసోడ్ దర్శకుడి వారం

తెలుగు డైలీ సీరియల్‌కు అలవాటుపడినవాళ్లకు ఆరేడు రోజులంటే విలాసంలా అనిపించవచ్చు, ఇక్కడ దాదాపు రోజుకో ఎపిసోడ్ లాగేస్తారు. కానీ అక్కడ పని ఫిల్మ్ మీద, ఒక్క కెమెరాతో, సినిమా పద్ధతిలో జరిగేది. గంట ఎపిసోడ్ స్క్రిప్టు 55 నుంచి 60 పేజీలు. ఆరేడు రోజులకు పంచితే రోజుకు ఎనిమిది, తొమ్మిది పేజీలు. అదే కాలంలో స్టూడియో సినిమాకు రోజుకు రెండు మూడు పేజీలు తీస్తే సరిపోయేది.

ఇద్దరు మనుషులు బల్లకు అటూ ఇటూ కూర్చుని మాట్లాడే మూడు పేజీల సీను తీసుకుందాం. మామూలుగా ఐదు షాట్లు కావాలి: సీనంతా ఒకే చూపులో పట్టే ఒక మాస్టర్, ఒకరి భుజం మీదుగా ఇంకొకర్ని చూపే ఓవర్ షోల్డర్లు రెండు వైపులా, ఇద్దరికీ చెరో క్లోజప్. షాట్‌కు లైటింగ్ అరగంట వేసుకున్నా, కెమెరా దిశ పూర్తిగా తిరిగినప్పుడు లైట్లన్నీ పీకి మళ్లీ పెట్టాలి, దానికి ఇంకా ఎక్కువ సమయం. అందుకే అనుభవమున్న దర్శకుడు ఒక వైపు చూసే షాట్లన్నీ వరసగా తీసేసి, ఆ తర్వాతే కెమెరా తిప్పుతాడు. కొత్తవాడు డైలాగ్ వరస ప్రకారం అటొకటి ఇటొకటి తీస్తూ, మధ్యాహ్నానికే రోజును పోగొట్టుకుంటాడు.

నటుడిగా వచ్చిన దర్శకుడికి కొన్ని విషయాలు ముందే తెలుసు. కప్పు ఏ మాట దగ్గర ఎత్తాడో తర్వాతి షాట్‌లోనూ అదే మాట దగ్గర ఎత్తాలని తెలుసు, తనే వందసార్లు చేసి ఉంటాడు. నటుడికి 'ఇంకొంచెం బాధగా' అని చెబితే పని జరగదనీ, 'ఆ తలుపు దాకా వెళ్లి ఆగు, వెనక్కి తిరగకు' అంటే జరుగుతుందనీ తెలుసు. అతిథి నటుడు ఒక్క రోజు కోసం వచ్చి, ఎవరూ పరిచయం లేక బిగుసుకుపోతాడని తెలుసు.

తెలియనివి వేరే ఉంటాయి, ఎక్కువమంది దెబ్బ తినేదీ వాటి దగ్గరే. మొదటిది లుక్. ఇద్దరి మధ్య ఊహారేఖకు ఒకే పక్కన కెమెరా ఉన్నంతసేపు ఒకరు కుడికి, ఒకరు ఎడమకు చూస్తున్నట్టు వస్తుంది. కెమెరా పొరపాటున ఆ గీత దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తారు, ఎడిటింగ్‌లో సీను అతకదు. రెండోది, మాస్టర్ షాట్ మీద మోజు. నటన బాగుందని ఎనిమిది టేకులు తీసి, క్లోజప్‌లకు టైము లేకుండా చేసుకోవడం. మాస్టర్‌లో ఎడిటర్ వాడేది తరచూ మొదటి కొన్ని క్షణాలు, చివరి కొన్ని క్షణాలే. మూడోది, చిన్న షాట్లు మరచిపోవడం: ఫోను మీద చెయ్యి, గడియారం, తలుపు గడియ. సీనును రెండు నిమిషాలు కుదించాల్సి వచ్చినప్పుడు కోతను దాచేవి అవే. అప్పట్లో ఎపిసోడ్ల సెట్ మీద మామూలుగా మానిటర్ ఉండేది కాదు. దర్శకుడు కెమెరా పక్కన నిలబడి కళ్లతో చూసి 'ఓకే' అనాలి, తప్పు జరిగితే మర్నాడు రష్, అంటే కడిగి వచ్చిన ముందురోజు ఫిల్మ్, చూసినప్పుడే తెలుస్తుంది. అప్పటికి సెట్ మారిపోయి ఉంటుంది.

ఇంత చేసినా ఎపిసోడ్ దర్శకుడిది కాదు. తారాగణం, కథ, సంగీతం, షో తీరు అన్నీ ఆయన రాకముందే తేలిపోయి ఉంటాయి. 1964లో దర్శకుల సంఘమైన డైరెక్టర్స్ గిల్డ్ చేసుకున్న ఒప్పందం వల్ల మొదటి కూర్పు వేసుకునే హక్కు దర్శకుడికి దక్కింది, కానీ చివరి కూర్పు నిర్మాతదే. దర్శకుడు మారితే ప్రేక్షకుడికి తెలియకూడదు, అదే ఆ ఉద్యోగంలో కొలమానం. నిర్మాత చూసేది మూడే: రోజు ముగిసేలోగా పేజీలు అయిపోయాయా, హీరో విసుక్కోకుండా పని చేశాడా, ఎడిటర్‌కు సరుకు సరిపోయిందా. ఈ మూడూ సరిగ్గా చేసేవాణ్ణి మళ్లీ పిలుస్తారు. అతని రాజకీయాలు ఏమిటో అడిగే అవసరం అక్కడ ఎవరికీ రాదు.

స్టూడియో సినిమా

1972లో ట్వెంటియెత్ సెంచురీ ఫాక్స్ డిక్సన్‌కు 'ట్రబుల్ మ్యాన్' ఇచ్చింది. అప్పటికి గాలి ఎటు వీస్తోందో అందరికీ తెలుసు. నల్లజాతి దర్శకులు 1969లో గోర్డన్ పార్క్స్, 1970లో ఆసీ డేవిస్, 1971లో మెల్విన్ వాన్ పీబుల్స్ తీసిన చిత్రాలు, ఆ వెంటనే 'షాఫ్ట్' విజయం చూశాక, నల్లజాతి హీరోతో చవకలో తీసిన యాక్షన్ సినిమాకు డబ్బు వస్తుందని స్టూడియోలు తేల్చుకున్నాయి. 'ట్రబుల్ మ్యాన్' ఆ మూసలో వచ్చినదే. ఈ రోజు దాన్ని గుర్తు పెట్టుకునేది ఎక్కువగా మార్విన్ గే సంగీతం వల్ల. డిక్సన్‌కు దాని వల్ల దక్కింది ఒక యోగ్యతాపత్రం: స్టూడియో సినిమా తీయగలడు, పూర్తి చేసి చేతికి ఇవ్వగలడు అని.

అదే ఏడాది పోయిటియర్ కూడా 'బక్ అండ్ ద ప్రీచర్'తో దర్శకుడయ్యారు. మొదట పెట్టుకున్న దర్శకుణ్ణి షూటింగ్ మొదలయ్యాక మార్చి ఆ బాధ్యత ఆయనే తీసుకున్నారు. అది స్టార్‌కు కుదిరే పని. హీరోగా తన పేరు మీద టికెట్లు తెగుతాయి, కాబట్టి స్టూడియో ఆయన మాట వింటుంది. క్యారెక్టర్ ఆర్టిస్టుకు ఆ బలం లేదు. సొంత సినిమా తీయాలంటే డిక్సన్ వేరే చోట డబ్బు వెతుక్కోవాలి.

తలుపు పక్కన కూర్చున్నవాడు

శామ్ గ్రీన్‌లీ అమెరికా ప్రభుత్వ సమాచార సంస్థలో విదేశాల్లో పని చేసిన రచయిత. ఆయన నవల 'ద స్పూక్ హూ శాట్ బై ద డోర్' అమెరికాలో ప్రచురణకర్త దొరక్క 1969లో ముందు లండన్‌లో అచ్చయింది. పేరులోనే శ్లేష ఉంది. 'స్పూక్' అంటే గూఢచారి, నల్లవాణ్ణి తక్కువ చేసి పిలిచే మాట కూడా అదే. తలుపు పక్కన కూర్చోవడమంటే, 'మా ఆఫీసులో నల్లవాళ్లూ ఉన్నారు' అని వచ్చేపోయేవాళ్లకు కనపడేలా ఒకణ్ణి ముందు గదిలో కూర్చోబెట్టడం.

కథలో ఒక సెనేటర్‌కు నల్లజాతి ఓట్లు కావాలి. సీఐఏలో నల్లవాళ్లు లేరని గోల చేస్తాడు. సంస్థ కొందరిని శిక్షణకు తీసుకుని, అందరూ తప్పిపోయేలా చూస్తుంది. డాన్ ఫ్రీమన్ అనే ఒక్కడు మాత్రం మిగులుతాడు. అతనికి ఇచ్చిన ఉద్యోగం రహస్య పత్రాలకు జిరాక్స్ కాపీలు తీయడం. ఐదేళ్లు కాపీలు తీసి, చిరునవ్వుతో సందర్శకులకు కనిపించి, రాజీనామా చేసి షికాగో వెళ్లిపోతాడు. అక్కడ వీధి ముఠా కుర్రాళ్లకు తను నేర్చుకున్న గెరిల్లా యుద్ధం నేర్పుతాడు. ఒక సీనులో అతని శిష్యులు చీపుళ్లు పట్టుకుని పెద్ద అధికారి గదిలోకి వెళ్లి, అతని ముందు నుంచే పొగ తాగే పైపు ఎత్తుకొస్తారు. ఊడ్చేవాడి ముఖం ఎవరూ చూడరన్నది పాఠం. ఐదేళ్లు కనిపించని గొంతుగా పనిచేసిన నటుడికి, ఎపిసోడ్లలో కనిపించని చెయ్యిగా పనిచేసిన దర్శకుడికి ఈ సీను ఎందుకు అంతగా ఒంటబట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

డబ్బులో పెద్ద భాగం నల్లజాతి మదుపరుల దగ్గర విడివిడిగా పోగు చేసినది. కథ షికాగోది, కానీ షికాగో నగరపాలక యంత్రాంగం నుంచి సహకారం రాలేదు. పక్కనే ఇండియానా రాష్ట్రంలోని గ్యారీ నగరానికి 1967లో ఎన్నికైన నల్లజాతి మేయర్ రిచర్డ్ హ్యాచర్ ఉన్నారు. వీధులు, పోలీసు బండ్లు, అల్లర్ల సీనుకు జనం అంతా గ్యారీలోనే దొరికారు. షికాగో అని నమ్మించడానికి తప్పనిసరిగా కావలసిన కొన్ని షాట్లను, ముఖ్యంగా పట్టణం మీదుగా ఎత్తున పోయే రైలు దగ్గరివి, అనుమతి లేకుండా తీసేశారు.

మధ్యలో డబ్బు అయిపోయింది. ఇక్కడ డిక్సన్ వాడిన ఎత్తు పూర్తిగా టీవీలో నేర్చినది. తీసిన దాంట్లోంచి పేలుళ్లు, కొట్లాటలు, పరుగులు మాత్రం ఏరి కూర్చి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే పంపిణీ సంస్థ వాళ్లకు చూపించారు. వాళ్లకు అది మార్కెట్లో నడుస్తున్న యాక్షన్ సినిమాలాగే కనిపించింది. పూర్తి చేయడానికి డబ్బు, పంపిణీకి ఒప్పందం రెండూ వచ్చాయి. సినిమాకు ఎడిటర్ మైకేల్ కాన్. 'హోగన్స్ హీరోస్' ఎపిసోడ్లు కత్తిరించిన మనిషే, 'ట్రబుల్ మ్యాన్'కూ ఆయనే. తర్వాత స్పీల్‌బర్గ్ దగ్గర చేరి మూడు ఆస్కార్లు తీసుకున్నారు. సంగీతం హెర్బీ హాన్‌కాక్. ఖైదీల శిబిరం కామెడీ చేస్తూ సంపాదించుకున్న పరిచయాలే ఈ సినిమాకు పునాది అయ్యాయి.

ఎందుకు దించేశారు

సినిమా 1973 సెప్టెంబర్‌లో విడుదలైంది. కొద్ది వారాల్లో హాళ్ల నుంచి మాయమైంది. ఎఫ్‌బీఐ ఒత్తిడి వల్లే పంపిణీ సంస్థ, హాళ్ల యజమానులు వెనక్కి తగ్గారని గ్రీన్‌లీ చివరిదాకా చెబుతూ వచ్చారు, డిక్సన్ అభిప్రాయమూ అదే. నల్లజాతి ఉద్యమాల మీద ఎఫ్‌బీఐ రహస్య కార్యక్రమం నడిపిన సంగతి 1971లోనే బయటపడింది కాబట్టి ఆ మాటను ఊహ అని కొట్టేయలేం.

దాన్ని పక్కన పెట్టినా, వ్యాపారం వైపు నుంచే చిక్కు ఉంది. పంపిణీదారు కొన్నది యాక్షన్ సినిమా అనుకుని. చేతికి వచ్చింది ప్రభుత్వం మీద సాయుధ పోరాటానికి పద్ధతి చూపించే సినిమా. దాన్ని ఎవరికి, ఏ పోస్టరుతో అమ్మాలో తెలియని సరుకు. హాలు యజమాని 'రేపు ఏదైనా జరిగితే నా హాలు పేరు వస్తుంది' అనుకుంటే చాలు, ఫోన్ చేసి బెదిరించే అవసరం కూడా ఉండదు. రెండు కారణాలూ ఒకదానికొకటి అడ్డం కావు, భయం ఉన్నచోట ఒత్తిడి సులువుగా పనిచేస్తుంది. కాకపోతే నిధులు తెచ్చిన ఎత్తే సినిమాకు ఎదురు తిరిగిందన్న మాటను డిక్సన్ అభిమానులు తరచూ దాటేస్తారు. తను ఏం కొంటున్నాడో తెలిసి కొన్న పంపిణీదారు సినిమా కోసం కొంతైనా నిలబడతాడు. తెలియక కొన్నవాడికి వదిలించుకోవడమే లాభం.

మూలం మాత్రం ఒక్కటే. దర్శకుడు షాట్‌ను శాసించగలడు, ప్రింట్‌ను శాసించలేడు. తెలుగు పరిశ్రమలో ల్యాబ్ లెటర్, అంటే ప్రింట్లు వేయడానికి ఫైనాన్షియర్ అనుమతి పత్రం, రాకపోతే విడుదల ఆగిపోయే రోజులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. నెగెటివ్ ఎవరి అధీనంలో ఉంటే సినిమా వాళ్లది. తెలుగులో అడ్డం పడేది ఫైనాన్షియర్ బాకీ, డిక్సన్ విషయంలో పంపిణీదారు నిర్ణయం, అంతే తేడా.

మళ్లీ ఎపిసోడ్లకు

ఆ తర్వాత డిక్సన్‌కు థియేటర్ సినిమా మరొకటి దక్కలేదు. టీవీ మాత్రం వదల్లేదు. 'ద వాల్టన్స్' మాంద్యం రోజుల్లోని తెల్లజాతి పల్లె కుటుంబం కథ, 'ద బయోనిక్ వుమన్' యంత్రశక్తి ఉన్న గూఢచారిణి కథ. వీటిలో ఏ ఒక్కటీ ఆయన స్వరం వినిపించేది కాదు. దాన్ని పతనం అని చదవడం పొరపాటు. సినిమాలో దర్శకుడి పేరు సరుకులో భాగం, కాబట్టి ఒక్క సినిమాతో ఆ పేరు చెడితే తర్వాతి సినిమా ఆగుతుంది. టీవీలో దర్శకుడి పేరు మీద ఏదీ అమ్ముడుపోదు కాబట్టి, చెడడానికీ ఏమీ ఉండదు. మార్చి పెట్టుకోగల మనిషి కావడమే అక్కడ రక్షణ. నల్లజాతి దర్శకులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్న కాలంలో, సెట్ మీద పదుల మంది సిబ్బంది ముందు ఒక నల్లజాతి మనిషి 'కట్' అనడం అలవాటైన దృశ్యం కావడానికి ఆ ఎపిసోడ్లు ఎంత పనిచేశాయన్నది విమర్శకులు పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. ఇదే దారిలో 'ద రూకీస్' నటుడు జార్జ్ స్టాన్‌ఫర్డ్ బ్రౌన్ దర్శకుడై, 1986లో 'క్యాగ్నీ అండ్ లేసీ' ఎపిసోడ్‌కు ఎమ్మీ గెలుచుకున్నారు.

నటన పూర్తిగా మానలేదు. 1976 నాటి 'కార్ వాష్'లో లానీ వేషం ఆయనదే, జైలు నుంచి వచ్చి ఇద్దరు పిల్లల్ని పోషించుకునే పనివాడు. దర్శకుడిగా చివరి పనులు 1990ల మొదట్లోవి. తర్వాత హవాయిలోని మావీ దీవిలో ఉంటూ ఒక రేడియో స్టేషన్ నడిపారు, కించ్‌లోను గుర్తుంచుకున్నవాళ్లకు నవ్వు తెప్పించే సంగతి.

పెట్టెలో నెగెటివ్

హాళ్ల నుంచి దిగిన సినిమా ప్రింట్లు సాధారణంగా చెల్లాచెదురవుతాయి, లేదా నాశనం చేస్తారు. 'స్పూక్' ప్రింట్లు కనపడకుండా పోతున్న రోజుల్లో, దాని నెగెటివ్‌ను వేరే సినిమా పేరు రాసిన పెట్టెల్లో భద్రపరిచారని ఆ బృందంలోనివాళ్లు తర్వాత చెప్పారు. తలుపు దగ్గర కాపలాదారుకు తెలిసిన పేరు చూపించి లోపలికి పోవడం, కథలో ఫ్రీమన్ చేసిందీ ఇదే. మూడు దశాబ్దాలపాటు నకలు వీడియో క్యాసెట్ల మీద చేతులు మారుతూ సినిమా బతికింది. 2004లో డీవీడీగా అధికారికంగా వచ్చింది. శుభ్రమైన ప్రతి సాధ్యమైంది నెగెటివ్ మిగిలినందువల్లే. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు దిగిన బొమ్మలో రాత్రి సీన్లు నల్లటి ముద్దగా మారిపోయేవి.

అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఏటా 25 చిత్రాలను, భద్రపరచదగ్గ చిత్రాల జాబితా అయిన నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేరుస్తుంది. డిక్సన్ హీరోగా నటించిన 'నథింగ్ బట్ ఎ మ్యాన్' 1993లో చేరింది, ఆయన తీసిన 'ద స్పూక్ హూ శాట్ బై ద డోర్' 2012లో చేరింది. రెండూ విడుదలైన ఏడాది పెద్ద హాళ్లలో నిలవనివే. మొదటి గుర్తింపు ఆయన చూశారు. రెండోది వచ్చేనాటికి ఆయన చనిపోయి నాలుగేళ్లు దాటింది. 2008 మార్చి 16న, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో, 76 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరణవార్తల్లో చాలా వాటి శీర్షికలో ఉన్నది మాత్రం 'హోగన్స్ హీరోస్' పేరే.